గాలి కొట్టిన నూట ఎనభై ఏడు

“అది నేను కొట్టింది కాదు తల్లీ. గాలి కొట్టింది.”

“ఏ గాలి బాబాయ్?”

“సముద్రం గాలి.”

“సముద్రం మైదానం గోడకి అవతల ఉంది. అక్కణ్ణించి వీచే గాలి బంతిని మీ మొహం మీదికి తోస్తుంది గానీ, గోడ అవతలికి ఎలా తోస్తుంది?”

సెనోన్ బెర్రోవా కాఫీ గ్లాసు మోకాలి మీద పెట్టుకుని, డెబ్భై ఆరేళ్ళలో ఇలాంటి ప్రశ్న మొదటిసారి విన్నట్టు చాలాసేపు ఆలోచించాడు.

“ఊళ్ళోకి వచ్చిన గాలి ఊళ్ళోనే ఉండిపోదు కదమ్మా,” అన్నాడు చివరికి. “ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి పోవాలి. అది ఇంటికి పోతూ పోతూ కొట్టినట్టుంది.”

ఇదాలియా పెన్సిలు కింద పెట్టింది. ముప్పై మూడేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి ఆమె. పిల్లలు చెప్పే సాకులు ఎన్నో విన్నది. హోంవర్కు మేక తిన్నదన్నా విన్నది, అమ్మమ్మ ఒకే ఏడాదిలో నాలుగుసార్లు పోయిందన్నా విన్నది. కానీ చేసిన ఘనకార్యానికి సాకు చెప్పే మనిషిని మాత్రం ఈయననే చూసింది.

సెనోన్‌కు ఉన్న తిక్క ఇదొక్కటే. పద్దెనిమిదేళ్ళు చక్కెర మిల్లుల లీగులో బేస్‌బాల్ ఆడి, బంతిని గోడ దాటించి దాటించి గోడకే విసుగు పుట్టించిన మనిషి, ఒక్క హోమ్ రన్ కూడా తనదని సూటిగా ఒప్పుకోలేదు. మరీ నిలదీస్తే, “ఆఁ, ఒక పదకొండు నావి అయ్యుండొచ్చు” అనేవాడు. మనసు బాగాలేని రోజున తొమ్మిదే అనేవాడు.

శాన్ ఎలోయ్ లాంటి ఊళ్ళో ఇది చిన్న నేరం కాదు. ఆ ఊళ్ళో మాజీ ఆటగాడు కాని మగవాడు లేడు. సాయంకాలం కిరాణా కొట్టు ముందు డొమినో బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక గ్లాసు రమ్ము పడితే ఎప్పుడో కొట్టిన బంతి చెరుకు తోటలో పడుతుంది. రెండో గ్లాసుకి కదులుతున్న రైల్లో పడుతుంది. మూడో గ్లాసుకి ఆ రైలెక్కి రాజధాని చేరుతుంది. అలాంటి చోట, తొడలు చెరుకు బండి ఇరుసుల్లా, వేళ్ళు పచ్చి అరటికాయల్లా ఉన్న ఈ మనిషి మూల బల్ల మీద కూర్చుని, “నాదేం లేదయ్యా, గాలి బాగుంది,” అంటూ ఉంటే తక్కినవాళ్ళకి గ్లాసు గొంతు దిగేది కాదు.

ఒకసారి ఆట రోజున ఆకు కూడా కదలలేదు. జెండా తడి తువ్వాలులా వేలాడుతోంది. మిల్లు పొగ గొట్టం మీద పొగ స్తంభంలా నిలబడింది. ఆ రోజు సెనోన్ కొట్టిన బంతి గోడ దాటి, దారి దాటి, కొబ్బరి తోటలో పడింది. గాలి ఎక్కడిదని అడిగితే, “పైన వేరే గాలి ఉంటుంది. అది మనలాంటి కింద వాళ్ళకి తెలీదు,” అన్నాడు.

మరోసారి బంతి మిల్లు మేనేజరు భోజనాల గదిలోకి వెళ్ళి పులుసు గిన్నెలో పడింది. మేనేజరు చొక్కా నిండా పులుసుతో, చేతిలో బంతితో మైదానంలోకి వచ్చాడు. సెనోన్ టోపీ తీసి ఎంతో మర్యాదగా, “గాలి రోజుల్లో కిటికీలు వేసుకుంటే మంచిదండీ,” అని సలహా ఇచ్చాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి, మొన్నటి దాకా. ఇప్పుడు ఇదాలియాకు నవ్వు రావడం లేదు. కారణం రేడియో.

జిల్లా కేంద్రంలో స్టేడియం గోడ మీద పాత ఆటగాళ్ళ పేర్లు ఇత్తడి రేకుల మీద చెక్కించి పెడుతున్నారు. పేరు కింద హోమ్ రన్ల సంఖ్య. సెనోన్ పేరు చెక్కాలని ఊరంతా సంతకాలు పెట్టింది. సంఖ్య ఎంతని కమిటీ అడిగింది. నూట ఎనభై ఏడు. ఆ అంకె వేసింది లీగులో స్కోరు పుస్తకం రాసిన బెలార్మినో, అంటే ఇదాలియా తండ్రి. ఆయన పోయి పదేళ్ళయింది. ఆయన పుస్తకాలు అంతకుముందే పెద్ద తుఫానులో మిల్లు ఆఫీసు కప్పుతో పాటు సముద్రంలోకి పోయాయి. మిగిలింది ఎవరి గోడ మీదో ఒక పాత మిల్లు క్యాలెండరు. దాని కింద చిన్న అక్షరాల్లో, “మన సెనోన్ బెర్రోవా: 187, బెలార్మినో గారి లెక్క.”

కమిటీ కార్యదర్శి అర్సెనియో రేడియోలో మాట్లాడుతూ, నవ్వు దాచుకున్న గొంతుతో అన్నాడు: “కొట్టినాయన పదకొండంటున్నాడు. రాసినాయన నూట ఎనభై ఏడన్నాడు. మరి బెలార్మినో గారికి పెన్సిలు అంటే మహా ప్రేమ కాబోలు!”

జిల్లా మొత్తం నవ్వింది. ఇదాలియా పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడాయి.

తండ్రి సంగతి ఆమెకు తెలుసు. పొరపాటును పొరపాటని రాయకపోతే నిద్ర పట్టని మనిషి. సొంత బావమరిది చేతిలోంచి బంతి జారితే, వాళ్ళింట్లో పెళ్ళి వారంలో, పుస్తకంలో “తప్పు” అని రాశాడు. ఆ వైపు వాళ్ళు ఆరేళ్ళు మాట్లాడలేదు. అలాంటాయన సెనోన్ కొట్టిన ప్రతి హోమ్ రన్ పక్కనా, వివరాల గడిలో, గుండ్రటి అక్షరాలతో రాసేవాడు: “గాలి: లేదు.” రాత్రి భోజనాల దగ్గర పళ్ళెం ముందు కూర్చుని గొణుక్కునేవాడు: “జెండా చూశాను. పొగ చూశాను. వేలు తడి చేసి మరీ చూశాను. లేదు!”

అలాంటి మనిషిని పోయాక ఒక్క మాటతో అబద్ధాలకోరును చేశారు. దానికి సాక్షి ఎవరయ్యా అంటే, స్వయంగా సెనోన్.

“బాబాయ్,” అంది ఇదాలియా ఆ రోజు సెనోన్ వాళ్ళ వసారాలో, “మీరు ఒక్క మాట చెప్తే చాలు. నూట ఎనభై ఏడూ నావే అనండి.”

సెనోన్ కాళ్ళ దగ్గర కుక్కను చూశాడు. కుక్క సెనోన్‌ను చూసింది.

“పన్నెండు చేద్దాం,” అన్నాడు పెద్ద మనసుతో. “మీ నాన్న కోసం.”

సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది? ఇదాలియా రెండు రోజులు ఆలోచించింది. హోమ్ రన్‌కి ఇద్దరే హక్కుదారులు. కొట్టినవాడొకడు, ఆ బంతి వేసిన పిచరొకడు. కొట్టినవాడు ఒప్పుకోనప్పుడు, వేసినవాణ్ణి అడగాలి. “నా బంతిని వాడు గోడ దాటించాడు” అని సంతకం పెట్టి ఇచ్చే పిచర్ ఈ దీవిలో పుట్టాడా అన్నది వేరే సంగతి. ఏ ముసలి పిచర్ని కదిపినా, తన బంతిని తాకినవాడే లేడంటాడు.

అయినా సంచి భుజాన వేసుకుని చిన్న బస్సెక్కింది.

మొదట దొరికినవాడు ప్లాసిదో. పక్క మిల్లు ఊళ్ళో మంగలి కొట్టు. ఒక పెద్దమనిషి గడ్డానికి నురగ పట్టించి, కత్తి నూరుతున్నాడు. ఇదాలియా గొంతు సవరించుకుని, వీలైనంత మెత్తగా, “దోన్ సెనోన్ మీ బంతిని ఒకటి రెండుసార్లు…” అంది.

“ఒకటి రెండా?” ప్లాసిదో కత్తి పైకెత్తాడు. కుర్చీలో పెద్దమనిషి కళ్ళు మూసుకున్నాడు. “ఎవరా మాటన్నది? ఐదు! రాసుకో టీచరమ్మా, ఐదు!”

“నిజంగా ఐదా?”

“ఆరు రాసినా నేనేం అనుకోను.”

ఇదాలియాకు అర్థం కాలేదు. ప్లాసిదో నురగ గడ్డాన్ని అలాగే వదిలేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఆ రోజుల్లో మాకు మిల్లులో నీడ పని ఇచ్చేవాళ్ళమ్మా. నాది తూకం దగ్గర. ఆటకి ఇచ్చిన పని, ఆట పోతే పోతుంది. ఒక హోమ్ రన్ ఇచ్చి ఓడించామనుకో, మేనేజరు వేలు ఇలా చూపించేవాడు, చెరుకు తోట వైపు. మర్నాడు కత్తి పట్టుకోవడమే. సెనోన్ ఏం చేసేవాడో తెలుసా? కొట్టినవాడు కొట్టినట్టు దుమ్ము కూడా దులుపుకోకుండా తిన్నగా మా మేనేజరు కుర్చీ దగ్గరికి వెళ్ళేవాడు. ఊరంతా వినబడేలా, ‘ఏం గాలండీ బాబూ ఇవాళ! ఆ కుర్రాడి బంతి నిప్పు. గాలి లేకపోతే నా బ్యాటు దాన్ని చూసుండేది కూడా కాదు,’ అనేవాడు. మేనేజరు జెండా వంక చూసేవాడు. జెండా చచ్చి పడి ఉండేది. కానీ కొట్టినవాడే చెప్తుంటే ఎవడు కాదంటాడు? పదకొండేళ్ళు చేశానమ్మా ఆ తూకం పని. పిల్లలు ముగ్గురు ఆ నీడలోనే పెరిగారు.”

“మరి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేం?”

“చెప్తే గాలి అబద్ధమైపోదూ?” అన్నాడు ప్లాసిదో. “పైగా కోడి ఒకటి.”

కోడి సంగతి ఇదాలియాకు సగం తెలుసు. లీగులో ఏ మైదానంలోనైనా హోమ్ రన్ కొట్టినవాడికి ఆ ఊరి కొట్టువాడు బతికున్న కోడిని ఇవ్వడం రివాజు. చక్కెర బస్తాలు కుట్టే మైనపు తాడు ముక్కతో దాని కాళ్ళు కట్టి, జనం ముందు చేతికిచ్చేవాడు. సెనోన్ కోడిని తలకిందులుగా పట్టుకుని, తనది కాని వస్తువును మోస్తున్నట్టు మొహం పెట్టుకుని వెళ్ళడం చిన్నప్పుడు ఆమె చూసింది. ఆ కోళ్ళు ఎక్కడికి వెళ్ళేవో మాత్రం తెలియదు.

“మా ఇంటికి వచ్చేవి,” అన్నాడు ప్లాసిదో. “పొద్దు గుంకే వేళకి గుమ్మంలో నిలబడేవాడు. ‘ఈ కోడి గాలిదయ్యా. గాలికి ఇల్లూ వాకిలీ లేదు కదా, నిన్ను వండుకోమంది’ అనేవాడు. మా ఆవిడ పులుసు పెడితే రెండు రోజులు తినేవాళ్ళం. ఒక్కటే పట్టింపు. తాడు! కోడిని కింద పెట్టి, కాళ్ళకున్న తాడు విప్పి, చుట్ట చుట్టి జేబులో వేసుకునేవాడు. ఒకసారి మా ఆవిడ తాడు విప్పకుండానే కోడిని లోపలికి తీసుకుపోయింది. అరగంట వాకిట్లో నిలబడ్డాడు మహానుభావుడు. కాఫీ వద్దన్నాడు. కూర్చోమంటే వద్దన్నాడు. తాడు చేతికొచ్చాక వెళ్ళాడు.”

కుర్చీలో పెద్దమనిషి గడ్డం మీద నురగ ఎండి పెచ్చులు కట్టింది. ఆయన కూడా, “అయ్యో పాపం,” అన్నాడు. ఎవరి గురించి అన్నాడో తెలియదు.

రెండో వాడు నొల్బెర్తో. ఇతని దగ్గరికి వెళ్ళడానికి ఇదాలియా జంకింది. లీగు మొత్తంలో అమెరికా వాళ్ళు వచ్చి ఎంచుకుని తీసుకెళ్ళిన పిచర్ అతనొక్కడే. రెండు వేసవులు ఆడి, భుజం పాడై తిరిగొచ్చి ఐసు గడ్డల వ్యాపారం పెట్టాడు. కొట్టులో ఐసు కన్నా పైన తగిలించిన పటంలోని పరాయి దేశపు దుస్తులే ఎక్కువ మెరుస్తాయి. తన బంతులు గోడ దాటాయని ఒప్పుకుంటే పటం కింద నేల కదిలిపోదూ?

నొల్బెర్తో మొత్తం విని, ఐసు పొడిచే మొన గోడకు తగిలించి, చేతులు తుడుచుకున్నాడు.

“అమెరికా వాళ్ళొచ్చిన రోజున నావి మూడు దాటించాడు,” అన్నాడు. “ఆ తెల్లాయన గడ్డి టోపీ పెట్టుకుని దుబాసీని వెంటేసుకుని సెనోన్ దగ్గరికి వెళ్ళి, అలా ఎలా కొడతావయ్యా అని అడిగాడు. ఈ మనిషి ఏమన్నాడో నీకు చెప్పక్కర్లేదుగా?”

“గాలి.”

“గాలి! పైగా నన్ను చూపించి, ‘ఆ కుర్రాడిది బంగారం లాంటి చెయ్యి. ఇవాళ వాడికి గాలి కలిసి రాలేదంతే’ అన్నాడు. తెల్లాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నన్ను తీసుకెళ్ళాడు. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు టీచరమ్మా. అమ్మకి ఆరుగురిలో పెద్దవాణ్ణి. సెనోన్‌కి ఇరవై ఆరు. అంతకంటే ముదిరితే ఎవరూ ఎంచుకోరని వాడికీ తెలుసు.”

నొల్బెర్తో కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

“మూడు కాదు, నాలుగు రాయి. నాలుగోది గీత బయట పడిందని లెక్కలో వెయ్యలేదు. అది గాలి వల్ల పడింది.”

ఇలా మొదలైంది. బతికున్న పిచర్లు, పోయిన పిచర్ల భార్యలు, అంతా కలిసి ముప్పై ఒక్క ఇళ్ళు తిరిగింది ఇదాలియా. ఒక్కరూ కాదనలేదు. కాదనకపోవడమే వచ్చిన చిక్కు. “మాకు ఏడు రాయమ్మా” అనేవాళ్ళు. “పక్కింటివాడికి ఏడు రాసి మాకు ఆరేనా?” అనేవాళ్ళు. ఒక విధవరాలు కోళ్ళ రంగులతో సహా చెప్పింది. ఎక్కువ కొట్టించుకున్నవాడు ఎక్కువ గొప్పవాడైపోయాడు.

అన్నిటికన్నా అన్యాయం తొరిబియోది. లీగులోకెల్లా గట్టి పిచర్. సెనోన్ బంతి కోసం గాల్లో బ్యాటు ఊపి ఊపి చెమట్లు కక్కింది ఈయన ముందే. పద్దెనిమిదేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి దాటించలేకపోయాడు. అలాంటి తొరిబియో కాగితం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, దీక్షగా “నాలుగు” అని రాశాడు.

“దోన్ తొరిబియో!” అంది ఇదాలియా. “మీ బంతి ఒక్కటీ గోడ దాటలేదని ఊరంతటికీ తెలుసు.”

“ఊరికేం తెలుసు?”

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది: “ఒక్కటీ కొట్టలేదు! నలభై ఏళ్ళుగా చూస్తున్నా. ప్లాసిదో ఇంటికి కోడి, నొల్బెర్తో అమ్మకి కోడి, వీధిలో అడ్డమైనవాడికీ కోడి. మా ఇంటికి ఈక కూడా రాలేదు. అంత బాగా వెయ్యమని ఈయన్ని ఎవరడిగారు?”

తొరిబియో గొంతు తగ్గించాడు. “మూడు చెయ్యి. కనీసం ఒకటి.”

కూడికలు అయ్యేసరికి మొత్తం రెండు వందల నలభై మూడు తేలింది.

కార్యదర్శి అర్సెనియో కాగితాల కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. “టీచర్ గారూ, మొన్నటిదాకా తక్కువని బాధ. ఇప్పుడు ఎక్కువైంది. మీ నాన్నగారు నూట ఎనభై ఏడంటారు, వీళ్ళు రెండు వందల నలభై మూడంటారు, ఆయన పదకొండంటాడు. ఈ ముగ్గురిలో ఎవర్ని చెక్కించను? శుక్రవారం రేకు పనివాడు వస్తాడు. అప్పటికి తేలకపోతే పదకొండే చెక్కిస్తా.”

గురువారం మధ్యాహ్నం ఇదాలియా సెనోన్ ఇంటికి వెళ్ళింది. కూర్చోలేదు.

“బాబాయ్, మీరు ఎవరెవర్ని కాపాడారో తెలుసుకున్నా. సంతోషం. ముప్పై ఒక్క ఇళ్ళు కాపాడారు. మీ గాలి వల్ల పోయింది ఒక్క ఇల్లే, మాది. ప్రతి ఆటకీ వేలు తడి చేసుకుని, ఉన్నది ఉన్నట్టు రాసిన మనిషిని రేపట్నించి జిల్లా అంతా దొంగ లెక్కలాయన అంటుంది. ఆయన కూడా మీ స్నేహితుడేగా?”

సెనోన్ నోరు తెరిచాడు. గాలి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగినట్టుంది. మూసుకున్నాడు.

ఇదాలియా గిరుక్కున తిరిగింది. తిరిగేసరికి ఆమె జుట్టు బట్టల తాడులో చిక్కుకుంది.

“అయ్యో, ఆగమ్మా, లాగకు!” అంటూ సెనోన్ భార్య ఒబ్దులియా తడి దుప్పటి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. “ముడిలో పడింది. ఈ పాడు తాడు నిండా ముడులే! ఆరేసిన ప్రతి చొక్కాకీ వీపున మచ్చలు. ఒక తీగ కొనరా దేవుడా అని పెళ్ళయినప్పట్నించీ మొత్తుకుంటున్నా. నిక్షేపంలాంటి తాడుండగా తీగెందుకంటాడు. పెద్ద తుఫానప్పుడు ముందు దీన్ని విప్పి లోపల పెట్టి, ఆ తర్వాత నన్ను పిలిచాడమ్మా ఈ ముసలాడు!”

ఇదాలియా జుట్టు విడిపించుకుంటూ తాడు వైపు చూసింది. వసారా కొస నుంచి మామిడి చెట్టుకి, చెట్టు నుంచి వంటింటి స్తంభానికి, అక్కణ్ణించి మళ్ళీ వసారాకి, పెరడంతా తిరిగి తిరిగి సాగింది ఆ తాడు. ప్రతి మూరకీ ఒక ముడి. చక్కెర బస్తాలు కుట్టే మైనపు తాడు.

“బాబాయ్,” అంది నెమ్మదిగా, “ఈ తాళ్ళు ఎక్కడివి?”

“దొరికినవి.”

“కోడి కాళ్ళకా?”

సెనోన్ కుక్క వైపు చూశాడు. ఈసారి కుక్క కూడా మొహం తిప్పుకుంది.

ఇదాలియా సంచి పక్కన పెట్టి లెక్క మొదలుపెట్టింది. లెక్కపెట్టిన ముడికల్లా ఒక బట్టల క్లిప్పు పెట్టింది. క్లిప్పులు అయిపోతే ఒబ్దులియా చెంచాలు తగిలించింది. చెంచాలు అయిపోతే సెనోన్ మేజోళ్ళు వేలాడదీసింది. దుప్పట్ల కిందినుంచి దూరి, లంగాల మధ్యనుంచి వంగి, మామిడి చెట్టు చుట్టూ తిరిగి, చివరి ముడి దగ్గర ఆగింది.

నూట ఎనభై ఆరు.

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. నూట ఎనభై ఆరే.

ఆమె మెట్టు మీద కూలబడింది. “ఒకటి తగ్గింది,” అంది చిన్న గొంతుతో. “నాన్న ఒకటి ఎక్కువ రాశాడు.”

ఒబ్దులియా బకెట్టు కింద పెట్టి ఆమెను జాలిగా చూసింది. “ముప్పై మూడేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పావా తల్లీ నువ్వు? రెండు తాళ్ళు కలిపితే ముడి ఒకటే పడుతుంది. మూడు కలిపితే రెండు. ముడులు లెక్కపెడితే ఎలా? తాళ్ళు లెక్కపెట్టు.”

ఇదాలియా ఆమెను చూసింది. తాడును చూసింది. కొంగు లేని ఊరు కాబట్టి చేతి రుమాలు తీసి మొహం అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో రుమాలుకే తెలియాలి.

శుక్రవారం పొద్దున్నే అర్సెనియో స్వయంగా వచ్చాడు. లెక్కపెట్టాడు. తడి దుప్పటి ఒకటి తల మీద పడ్డా ఆపలేదు. అయినా గుమాస్తా గుణం పోదు కదా. “ఇవి తెగితే మళ్ళీ కట్టిన ముడులు కావని ఏమిటి నమ్మకం?” అన్నాడు.

“అయ్యా, కావలిస్తే పట్టుకుని లాగండి,” అంది ఒబ్దులియా. “మీరైనా తెంపితే నేను తీగ కొనుక్కుంటా.”

అర్సెనియో లాగాడు. వసారా కప్పు కిర్రుమంది. తాడు తెగలేదు.

అతను సెనోన్ వైపు తిరిగాడు. “దోన్ సెనోన్, ఆఖరిసారి అడుగుతున్నా. ఇవన్నీ మీరు కొట్టినవేనా?”

వీధిలో జనం చేరారు. ప్లాసిదో వచ్చాడు, నొల్బెర్తో వచ్చాడు, తొరిబియో వెనక నిలబడ్డాడు. అందరికీ జవాబు తెలుసు. ఆ మనిషి నోట్లోంచి గాలి తప్ప ఇంకేదీ రాలేదు ఇంతవరకు.

సెనోన్ టోపీ తీశాడు. ఇదాలియాను చూశాడు.

“గాలి సంగతి నాకు తెలుసు,” అన్నాడు. “లెక్క సంగతి బెలార్మినోకి తెలుసు. బెలార్మినో రాశాడంటే, కొట్టే ఉంటా.”

పద్దెనిమిదేళ్ళ ఆట, ఆపైన ముప్పై ఎనిమిదేళ్ళ మొండితనం కలిపి, ఒప్పుకోవడానికి అంత దూరం వచ్చాడు. అర్సెనియో కాగితం మీద నూట ఎనభై ఏడు అని వేసి, మూడుసార్లు కింద గీత గీశాడు. ఆ సాయంత్రం రేడియోలో, బెలార్మినో గారి పెన్సిలు గురించి తానన్న మాట తప్పని, ఆ పెన్సిలంత నిక్కచ్చైనది జిల్లాలో ఇంకోటి లేదని చెప్పాడు. ఆ రోజు ఇదాలియా ఇంట్లో చిక్కుడు గింజలు మాడలేదు.

ఆదివారం రేకు బిగించారు. రివాజు ప్రకారం శాన్ ఎలోయ్ కొట్టు యజమాని మైదానం మధ్యలోకి వచ్చి, ఒక ఎర్ర కోడిని, కాళ్ళకు తాడు కట్టి, సెనోన్ చేతికిచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి కోడి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సెనోన్ కోడిని తలకిందులుగా పట్టుకుని, ఎప్పటిలాగే తనది కాని వస్తువు మోస్తున్న మొహంతో నడిచి, ఇదాలియా దగ్గర ఆగాడు.

“తల్లీ, నీ కాళ్ళు ఇంకా గట్టివి. ఇది తొరిబియో ఇంట్లో ఇచ్చి రా.”

“తొరిబియో గారికా? ఆయన మీకు ఒక్కటీ ఇవ్వలేదుగా బాబాయ్!”

“ఎందుకివ్వలేదు? ఒకటుంది. గట్టిగా తగిలింది. గోడ దాకా వెళ్ళిపోయింది కూడా. సముద్రం గాలి అడ్డమొచ్చి వెనక్కి తోసింది గానీ, లేకపోతే పోయేదే. అలా చెప్పు. వాళ్ళావిడకి వినబడేలా కాస్త గట్టిగా చెప్పు.”

ఇదాలియా కోడిని అందుకుంది. గేటు దాటబోతుంటే వెనక నుంచి మళ్ళీ పిలుపు.

“ఇదాలియా! తాడు మాత్రం విప్పి పట్రా.”